పనికిరానివాడు

మన యిండ్లలో నిత్యము వినబడు మాటలలో "పనికిరానివాడు" అనునది యొకటి. చదువుకొనని కుమారుని గూర్చి తండ్రియు, బజారునుండి పుచ్చువంకాయలు తెచ్చిన భర్తను గూర్చి భార్యయు ఈ మాటను ధారాళముగా వాడుచునే యుందురు. వినినవాడు నవ్వుకొని పోవును. ఏలయన మఱునాడు వాడేదో యొక పనికి వచ్చును. కాని యే మాటయు అనకయే, మిక్కిలి ప్రేమతోనే, ఒక మనుష్యుని జీవితకాలమంతయు పనికిరానివానిగా కూర్చుండబెట్టు విద్యయు మన గృహస్థులకు తెలియును. ఆ విద్య మా యింట బాగుగనే సాగినది. దానిని గూర్చి కొంత వ్రాయదలచితిమి. ఇది పరనింద గాదు. ఈ వ్యాసమున ముద్దాయిలము మేమే.

మా తమ్ముడు 1973వ సంవత్సరమున సికింద్రాబాదులో, మారేడుపల్లిలోని మా యింటనే జన్మించెను. మాకును వానికిని ఐదేండ్ల వ్యత్యాసము. మూడేండ్లు నిండినగాని వాడు నడువలేదు. ఆఱేండ్లు వచ్చినను నాలుగు మాటలు కూర్చి పలుకలేకుండెను. వైద్యులు బుద్ధిమాంద్యమనిరి. బంధువులు గ్రహచారమనిరి. మా తల్లిగారు మాత్రము "నా కొడుకు మెల్లగా నేర్చుకొనును, అంతియే" అనిరి. అందఱిలోను సత్యమునకు దగ్గరగా పలికినది ఆమెయే యని మాకు తెలియుటకు నలువది యేండ్లు పట్టినది.

ఇట్టి పిల్లల చదువు విషయమున మా పట్టణము దురదృష్టవంతమైనది కాదు. 1984లో కేంద్రప్రభుత్వమువారు జాతీయ మానసిక వికలాంగుల సంస్థను మఱియెచ్చటనో గాక మా బోయినపల్లిలోనే నెలకొల్పిరి. ఆ చోటికి మనోవికాస్ నగర్ అని పేరు. ఇప్పుడా సంస్థ పేరు మారినది గాని చోటు మారలేదు. దూరప్రాంతములనుండి తల్లిదండ్రులు బిడ్డల నెత్తుకొని రైలు దిగి అచ్చటికి వచ్చుట మేమెఱుగుదుము. ఈ గాలి వీచుటచేతనే కాబోలు, పట్టణమున చిన్న చిన్న శిక్షణాలయములు కూడ వెలసెను. మా తమ్ముడు అట్టి యొకదానిలో తన యిరువదవ యేట చేరెను. అంతవఱకును వాడు చేసిన పని యెల్ల వీథి యరుగుపై కూర్చుండి వచ్చు పోవు బండ్లను చూచుటయే.

అచ్చటి యుపాధ్యాయిని వానికి నేర్పిన విధమును కొంత విరివిగా చెప్పవలసియున్నది. ఏలయన మా కన్నులు తెఱచినది అదియే, తెఱచిన కన్నులను మరల మూసికొనినది మేమే.

వానికి కాగితపు కవర్లు చేయుట నేర్పదలచి ఆమె మొదట పనినంతయు ముక్కలుగా విడదీసెను. కాగితము తీయుట ఒకటి. గీతపై మడచుట ఒకటి. గోటితో ఆ మడతను రాయుట ఒకటి. అంచున జిగురు పూయుట, అడుగు మడచుట, అరచేతితో అదుముట, ప్రక్కన పెట్టుట. మనము కవరు చేయుటను ఒక పని యనుకొందుము. ఆమె దృష్టికి అది పండ్రెండు పనులు. మొదటి వారమంతయు వానిచేత గీతపై మడచుట యొక్కటియే చేయించెను. తక్కిన పదునొకండును తాను చేసెను. తప్పుచేసినచో "కాదు" అనలేదు; వాని చేతిని పట్టి మరల గీత దగ్గఱకు తెచ్చెను. మూడు నెలలలో వాడు కవరు మొదలంట చేయనేర్చెను.

ఇక నొక చిక్కు మిగిలెను. కవర్లను ఇరువదియైదేసి కట్టలుగా కట్టవలెను. మావానికి లెక్క రాదు. ఐదు దాటినంతనే వాని సంఖ్యలు తోచిన దారి పట్టును. వానికి లెక్క నేర్పుటకు మా తండ్రిగారు పదేండ్లు పాటుపడి, బెత్తము విరుగగొట్టి, తుదకు తాను ఏడ్చి మానిరి. ఉపాధ్యాయిని ఒక చెక్కపలకను తెప్పించి, దానిపై నిలువున ఐదు, అడ్డమున ఐదు గళ్లు నల్లరంగుతో గీయించెను. గడికొక కవరు పెట్టవలెను. గళ్లన్నియు నిండినచో కట్ట కట్టవలెను. అంతియే! ఆ దినమునుండి మా తమ్ముని కట్టలో ఒక కవరు తక్కువగాని యెక్కువగాని వచ్చుట మేము చూడలేదు. లెక్క వచ్చిన మనము చేయు తప్పులను లెక్క రాని వాడు చేయకుండెను.

ఆ పలకను చూచినపుడు మాకొక సంగతి స్ఫురించెను. లోపము వానిలో నుండుట నిజమే. కాని పని లెక్కను కోరుచుండుటచేతనే ఆ లోపము వానికి అడ్డమైనది. పనిని కొంచెము త్రిప్పినంతనే అడ్డము తొలగినది. గ్రుడ్డివానికి అక్షరము అడ్డమైయుండెను. 1809లో జన్మించిన లూయీ బ్రెయిలీ అను ఫ్రెంచివాడు, తానును గ్రుడ్డివాడై, బాల్యము దాటకమునుపే ఆ యక్షరమును కంటినుండి వ్రేలికి మార్చెను. ఇప్పుడు కంప్యూటరే తెరపై నున్నదానిని చదివి వినిపించుచున్నది. కుంటివానికి అడ్డమైనది కాలు గాదు, కచేరీ గుమ్మమునందలి మెట్లు. మా తమ్మునికి చెక్కపలకపై ఇరువదియైదు గళ్లు చాలెను. దాని ఖరీదు అప్పటి నలువది రూపాయలు.

1996లో ఉపాధ్యాయిని ఒక శుభవార్త తెచ్చెను. శుభలేఖల కవర్లు చేయించు వ్యాపారి యొకరు మావానిని పనిలో పెట్టుకొనుటకు సమ్మతించిరి. ఆమె మా యింటికి వచ్చి, పీటపై కూర్చుండి, తన బిడ్డకే కొలువు దొరకినట్లు సంతోషముతో ఆ మాట చెప్పెను. మా తండ్రిగారు కేంద్రప్రభుత్వపు లెక్కల కార్యాలయమున గౌరవముగల యుద్యోగి. ఆమెకు కాఫీ యిప్పించి, త్రాగుట యైన పిమ్మట, "అమ్మా, మీ శ్రమకు కృతజ్ఞులము. కాని మావాడు కవర్లంటించి కూలి తేవలసినంత ఖర్మ మాకింకను పట్టలేదు. వానికి తిండికి లోటా, బట్టకు లోటా?" అనిరి.

ఆమె "అయ్యా, లోటున్నదని కాదు" అని యేదో చెప్పబోయి, మా వైపు చూచెను. మాకప్పటికి ఇరువదియెనిమిదేండ్లు. ఉద్యోగమున్నది. సంఘసంస్కరణమును గూర్చి సభలలో ఉపన్యసించు అలవాటు కూడ నున్నది. మేము గుమ్మముకడ నిలుచుండి, ఆమె చూపును తప్పించి, వీథిలోనికి చూచితిమి. నిజము చెప్పవలసినచో, వివాహ ప్రయత్నములు జరుగుచుండెను. తమ్ముడు కవర్లదుకాణములో కూలివాడని తెలిసినచో సంబంధములు వెనుదీయునేమో యని మా భయము. అరుగుపై కూర్చుండిన తమ్ముడు ఎవరికిని కనబడుట లేదని మేమెట్లు అనుకొంటిమో ఇప్పటికిని మాకు తెలియదు.

వాడు మరల అరుగు చేరెను. చెక్కపలక మా తల్లిగారి బియ్యపు డబ్బాపై మూత యాయెను.

ఆ దినములలోనే ప్రభుత్వము వికలాంగులను గూర్చి చట్టము చేసెను. 1995వ సంవత్సరపు ఆ చట్టము ఏడు విధములైన వైకల్యములను గుర్తించెను. వానిలో బుద్ధిమాంద్యము కూడ నున్నది. కాని ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు ప్రత్యేకించునపుడు, అంధులకు ఒకటి, చెవిటివారికి ఒకటి, అవయవలోపము గలవారికి ఒకటి యని పంచివేసెను. మావానివంటివారు పట్టికలో నున్నారు, పంపకములో లేరు. ఒక విధముగా ఆ చట్టము మా తండ్రిగారివలెనే ఆలోచించినది: వీరు మనవారే, వీరిని కాపాడవలెను, కాని వీరు పని యేమి చేయుదురు? ఈ లోపమును దిద్దుటకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను. 2016లో వచ్చి మఱుసటి యేడు ఏప్రిలులో అమలైన చట్టము, ఏడింటిని ఇరువదియొకటి చేసి, నూటికి మూడును నాలుగు చేసి, బుద్ధిమాంద్యము, ఆటిజము, మానసికవ్యాధి మొదలగువానిని కూడ పంపకములోనికి తెచ్చెను. వికలాంగులను దివ్యాంగులనుట కూడ ఆ కాలముననే ఆరంభమైనది. పేరు దివ్యమైనంత శీఘ్రముగా కూలి దివ్యము కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో ఏదో యొక పని చేయుచున్నవారు నూటికి 36. స్త్రీలలోనైతే 23 మాత్రమే. లెక్క వ్రాయువాడు గుమ్మముకడకు వచ్చినపుడు లోపలి గదిలోని బిడ్డను గూర్చి చెప్పని గృహస్థులు ఎందఱో, వారిని కూడ కలిపినచో ఈ సంఖ్య ఏమగునో పాఠకులు ఊహింతురుగాక.

ప్రభుత్వపు కొలువులు ఎన్నియున్నను అందఱికిని చాలవు. ప్రైవేటు యజమానులు తమ పనివారిలో నూటికి ఐదుగురు వికలాంగులుండునట్లు చూచుటకు ప్రోత్సాహకము లియ్యవలెనని మాత్రమే కొత్త చట్టము చెప్పుచున్నది, అదియు ప్రభుత్వపు ఆర్థికశక్తికి లోబడి. నిర్బంధము లేదు. మిగిలినది యజమాని మనస్సు, ఇంటివారి ధైర్యము.

ఒకప్పుడు సికింద్రాబాదు స్టేషను చుట్టుప్రక్కల వీథులలో పసుపుపచ్చని యెస్‌టీడీ బూతులు వరుసలుగా నుండెడివి. వానిని మంజూరు చేయుటలో వికలాంగులకు ప్రాధాన్యమిచ్చిరి. కఱ్ఱల యూతతో నడచువారు, చూపు లేనివారు చిన్న గాజుగదిలో కూర్చుండి, మీటరు త్రిప్పి, చిల్లర లెక్కించి యిచ్చుచు, సంసారములు పోషించుకొనిరి. పిమ్మట చేతిలో ఇముడు ఫోనులు వచ్చెను. పదేండ్లు తిరుగకుండ బూతులన్నియు మూతపడెను. నల్లఫోను పెట్టెను తిరిగి యిచ్చివేసిన వారిలో ఎందఱు వేఱు పని నేర్చిరి? ఎవరు నేర్పిరి? బూతును దానము చేసితిమి గాని పనిని నేర్పలేదు. దానముగా వచ్చిన బ్రతుకు వస్తువుతోపాటే పోయినది.

ఈ మాట యెత్తినంతనే మిత్రులు బొల్ల శ్రీకాంతుగారి పేరు చెప్పుదురు. మచిలీపట్టణము ప్రాంతమున చూపు లేక జన్మించిన ఆ యువకునికి పదవతరగతి పిమ్మట సైన్సు చదువుటకు అనుమతి నిరాకరింపబడగా, న్యాయస్థానము నాశ్రయించి సాధించెను. అమెరికాలో మసాచుసెట్సు సాంకేతికవిద్యాలయమున చదివెను. తిరిగి వచ్చి 2012లో హైదరాబాదున పోకమట్టలతోను కాగితముతోను వస్తువులు చేయు కర్మాగారమును స్థాపించి వికలాంగులకు పని కల్పించెను. ఆయన చరిత్ర 2024లో హిందీ చలనచిత్రముగా కూడ వచ్చినది. మేమాయనకు చేతులెత్తి నమస్కరింతుము. కాని ఆ చిత్రము చూచి వచ్చిన బంధువొకరు మాతో "చూచితిరా, పట్టుదల యున్నచో ఎవరైనను ఎట్లు పైకి వత్తురో!" అనినపుడు మాకు సంతోషము కలుగలేదు. కన్నులున్న వారందఱును మసాచుసెట్సు పోయి చదివినవారా? మందబుద్ధిగల మా తమ్ముడు అద్భుతములు చేయనక్కఱలేదు. నడిమిరకపు పనిని నడిమిరకముగా చేసి, కూలి తెచ్చుకొని, సాయంకాలము ఇంటికి రావలెను. అది అందఱికిని ఉన్న హక్కు. వికలాంగునికి మాత్రము అద్భుతుడైనగాని అది రాదనుట ఏమి న్యాయము?

మా తండ్రిగారు 2009లోను, తల్లిగారు 2018లోను గతించిరి. కుటుంబ పింఛను మా తమ్మునికి సంక్రమించెను. కేంద్రోద్యోగి బిడ్డ వైకల్యముచేత సంపాదించుకొనలేనివాడైనచో జీవితాంతము పింఛను పొందవచ్చునని నిబంధన. అందుకొఱకు ఒక వైద్యపత్రము కావలెను. మేమే వానిని తీసికొనిపోయితిమి. వైద్యుడు ప్రశ్నించుచుండగా, "వీడేమియు చేయలేడండీ" అని మేమే చెప్పితిమి. వాడు మా ప్రక్కనే కూర్చుండి వినుచుండెను. ఇంటికి వచ్చిన పిమ్మట వాడు వంటింటిలోనికి పోయి, బియ్యపు డబ్బాపై నుండి చెక్కపలకను తీసి, మా ముందర పెట్టి నిలుచుండెను. ఏమియు అనలేదు. మేము దానిని తీసి మరల డబ్బాపై పెట్టితిమి.

పని చేసినచో పింఛను పోవునని మా గట్టి నమ్మకము. ఎవరో చెప్పిరి, మేము నమ్మితిమి. 2021 ఫిబ్రవరిలో కేంద్రము ఈ నిబంధనను సడలించినదని పత్రికలో చదివితిమి: ఇతరాదాయము ఆ కుటుంబ పింఛనుకంటె, అనగా ఉద్యోగి చివరి జీతములో నూటికి ముప్పదియు దానిపై కరవుభత్యమును కలిసినంతకంటె, తక్కువగా నున్నంతవఱకు బిడ్డకు హక్కు పోదని. ఆ వార్తలోనే, అంతకుమునుపు కూడ నెలకు 9,000 రూపాయలును దానిపై కరవుభత్యమును అను హద్దు ఉండెడిదని వ్రాసియున్నది. అనగా కవర్లంటించి వచ్చు కూలికి ఏనాడును అడ్డము లేదు! లెక్కల కార్యాలయపు ఉద్యోగి యిల్లు మాది. దినమునకు రెండు పత్రికలు తెప్పించు ఇల్లు. నిబంధనను ఒక్కనాడును చదువలేదు. చదువుట మాకు అక్కఱ లేకపోయినది. భయమే సుఖముగా నుండెను.

మమ్ములను కదిలించినది మా కుమార్తె. 2022 డిసెంబరు తుదినుండి 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్ సంచులు నిషేధింపబడినవి గదా. మోండా మార్కెట్టు ప్రక్క సందులో కాగితపు సంచులు, మందులదుకాణముల కవర్లు చేయించు ఒకామెకు పనివారు చాలకుండిరి. మా కుమార్తె మాతో చెప్పకయే బాబాయిని, ఆ పలకను వెంటబెట్టుకొని అచ్చటికి పోయెను. యజమానురాలు వాని చేతులను కొంతసేపు చూచి, "పాపము, మీ తృప్తికి నెలకు ఐదువందలిత్తునమ్మా" అనెనట. మా కుమార్తె "పాపము వద్దండీ. నూటికింత యని తక్కినవారికి ఏమి యిత్తురో అదియే యిండు. తక్కువ చేసిన తక్కువ, ఎక్కువ చేసిన ఎక్కువ" అనెనట. ఆ మాట మేము ముప్పదేండ్లు ఉపన్యసించినదే. ఒక్కనాడును మా యింటి గుమ్మములో అనలేదు.

దారి నేర్పుట మిగిలినది. ఏబదియేండ్ల మనుష్యుడు తన జీవితమున ఒక్కమారును ఒంటరిగా వీథి మలుపు దాటలేదు, మేము దాటనీయలేదు. మొదటి వారము మా కుమార్తె వాని చేయి పట్టుకొని నడచెను. రెండవ వారము ప్రక్కన నడచెను. మూడవ వారము పది యడుగులు వెనుకగా నడచెను. నాలుగవ వారము మా వంతు వచ్చెను. వాడు గుడి చూచి ఎడమకు తిరిగెను. పెట్రోలు బంకుకడ ఆగి, బండ్లు ఆగువఱకు నిలిచి, దాటెను. గడియారస్తంభము కనబడినపుడు తల పైకెత్తి చూచి, మరల నడచెను. మేము చెమటలు క్రక్కుచు స్తంభముల చాటున నక్కి నక్కి వెంబడించితిమి. ఒక చోట మేమే ఆటోక్రింద పడబోయితిమి. వాడు వెనుదిరిగి మమ్ములను చూచి, ఒడ్డుననే నిలువుమని చేయి చూపెను.

దుకాణమున తక్కిన స్త్రీలు నూఱు చేయు వేళకు వాడు అఱువది చేయును. కాని వాని కవర్లు తిరిగి రావని యజమానురాలు చెప్పినది. ఉన్నట్టుండి కోపము తెచ్చికొని పని ఆపివేసిన దినములు కూడ ఉన్నవి. ఒకమారు జిగురు డబ్బా తన్నివేసి వచ్చివేసెను. ఆమె ఆ దినపు కూలి కోసినది, మఱునాడు రమ్మనినది. పనిలోనుండి తీసివేయుదునేమో యనిన మాటయు ఆమె నోట ఒకటి రెండు మారులు వచ్చినది. ఇవి దాచి పెట్టుట మాకిష్టము లేదు.

మొదటి నెల కూలి 2,140 రూపాయలు. కవరులో పెట్టి యిచ్చిరి. బహుశః వాడు చేసిన కవరే. వాడు దానిని మాకిచ్చునని, మేము దేవునికడ పెట్టింతుమని అనుకొని కూర్చుంటిమి. వాడు చొక్కాజేబుపై చేయి వేసికొని లోనికి పోయెను. మఱునాటి సాయంకాలము గంట ఆలస్యముగా వచ్చెను. మేము వీథిలో నిలుచుండియుంటిమి. వాని చంకలో ఒక కొత్త గొడుగు. నల్లనిది, పెద్దది, వంకీపిడి గలది.

"ఇంటిలో ఆఱు గొడుగులున్నవి గదరా!" అంటిమి.

"అవి మీవి" అనెను.

దానిని మా గొడుగులతో కలిపి తలుపుమూలను పెట్టలేదు. తన మంచము తలాపిన మేకు కొట్టమనెను. ఆ సంవత్సరము వానలు ఆలస్యమైనవి. గొడుగు చంకలో పెట్టుకొనియే, ఎండలో విప్పకయే, వాడు నెలదినములు పనికి పోయివచ్చెను.